పారేసే టిప్పు, కడిగే గాజు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము ల్యాబుల్లో పనిచేసేవాళ్లం. సంఘం పేదల కోసం పెట్టదలచిన పరీక్షల కేంద్రానికి ఏమేం కొనాలో చెప్పమని పెద్దలు పిలిచారు. మిషన్ల జాబితా కమిటీకి విడిగా ఇచ్చాం. ఇక్కడ మాత్రం ఆ జాబితాలో అడుగున ఉండే చిన్న వస్తువు గురించి మాట్లాడతాం. దాని పేరు పిపెట్ టిప్పు.

మీరు చూసే ఉంటారు. టెక్నీషియన్ చేతిలో లావు పెన్నులాంటి పరికరం ఉంటుంది, దాని కొసన పసుపుదో నీలిదో సన్నని ప్లాస్టిక్ గొట్టం. పసుపుది 200 మైక్రోలీటర్ల దాకా తీస్తుంది, నీలిది 1000 దాకా, అంటే ఒక మిల్లీలీటరు. పూర్వం గాజు పిపెట్టును నోట్లో పెట్టుకుని పీల్చేవారు. రోగి రక్తం, కఫం కూడా అలాగే! జబ్బులు అంటుకున్నవారు ఎందరో. 1957లో జర్మనీలోని మార్బుర్గ్‌లో హైన్రిష్ ష్నిట్గర్ అనే డాక్టరు ఆ బాధ తప్పించాడు. ఆయన పరికరంలో పిస్టన్ గాలిని లాగుతుంది, గాలి ద్రవాన్ని లాగుతుంది. ద్రవం కొస గొట్టంలోనే ఆగిపోతుంది కనుక పరికరం మైలపడదు. గొట్టం తీసి పారేస్తే చాలు.

ఆ పారేయడమే ఇప్పుడు గుట్టలైంది. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు 2015లో వేసిన అంచనా ప్రకారం, ప్రపంచంలోని జీవశాస్త్ర పరిశోధనశాలల ప్లాస్టిక్ చెత్త ఏడాదికి 55 లక్షల టన్నులు. మన దేశంలో 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, స్ట్రాలు నిషేధించారు గానీ, ఆ జాబితాలో టిప్పు లేదు. ఉండకూడదు కూడా, రోగి భద్రత దానిమీద ఉంది. అయితే వాడే ప్రతి టిప్పూ అవసరమేనా అన్నది వేరే ప్రశ్న.

మన కేంద్రం లెక్కే వేద్దాం. రోజుకు 40 మంది వస్తారనుకోండి, ఒక్కొక్కరికి షుగరు, క్రియాటినిన్ వగైరా ఐదు పరీక్షలు. ప్రతి పరీక్షకూ రియేజెంటుకు ఒక టిప్పు, సీరానికి ఒక టిప్పు వాడితే రోజుకు 400. అలా కాకుండా ముందు ఖాళీ ట్యూబులన్నిటిలో రియేజెంటు పోసుకుంటే, ఒక్కో రియేజెంటుకు ఒకే టిప్పు సరిపోతుంది, ఎందుకంటే అది సీరాన్ని తాకలేదు. సీరానికి మాత్రం ప్రతిసారీ కొత్తదే. అప్పుడు 205. పైసా ఖర్చు లేదు, వరుస మార్చడమే.

ఇంకో మెట్టు ఎక్కితే ఆటో అనలైజర్. అందులో సీరం తీసేది చాలా మోడళ్లలో స్టీలు సూదే. నమూనాకూ నమూనాకూ మధ్య లోపలా బయటా తనే కడుక్కుంటుంది. టిప్పు లేకుండా పనిచేసే డిజైను పెద్ద ల్యాబుల్లో ఎన్నో ఏళ్లుగా తిరుగుతూనే ఉంది, మనం దాన్ని ఆ దృష్టితో చూడలేదంతే. కొనేటప్పుడు ప్లాస్టిక్ టిప్పులు అడిగే మిషనా, కడుక్కునే మిషనా అని ఒక్క మాట అడగాలి.

నీళ్ల పరీక్షకైతే గాజే మేలు. వేసవిలో కామెర్లు, విరేచనాలు వచ్చినప్పుడు కొండకింది బోరు నీళ్లు, బావి నీళ్లు పరీక్షించాలని సంఘం అనుకుంటోంది. దానికి 10, 1, 0.1 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు ట్యూబుల్లో పోయాలి. గాజు పిపెట్టు పైకొసన దూది పెట్టి, కాగితం చుట్టి, హాట్ ఎయిర్ ఓవెన్‌లో 160 డిగ్రీల వద్ద రెండు గంటలు ఉంచితే మళ్లీ శుభ్రం. పీల్చడానికి రబ్బరు బల్బు, నోరు కాదు.

ఒక హెచ్చరిక. అమెరికాలో టిప్పులు కడిగే యంత్రాలే అమ్ముతున్నారు. కడిగాక కొలత సరిగా ఉందా, పాత నమూనా మిగిలిందా అని చూడాల్సి ఉంటుంది. ఆ ఏర్పాటు లేకుండా, డబ్బు మిగులుతుందని రోగి రక్తం తాకిన టిప్పును బకెట్లో జాడించి మళ్లీ వాడటం మహాపాపం. హెచ్‌ఐవీ, హెపటైటిస్, పీసీఆర్ పరీక్షల జోలికి పొదుపు పోకూడదు. ఆటోక్లేవ్ క్రిములను చంపుతుంది గానీ, వాటి డీఎన్‌ఏ ముక్కలు మిగిలినా పీసీఆర్ తప్పు చెబుతుంది. అక్కడ కొత్త టిప్పే వాడాలి. వాడినదాన్ని 2016 నిబంధనల ప్రకారం వేరుచేసి, వైద్య వ్యర్థాల బండికి అప్పగించాలి. మామూలు చెత్తబుట్టలో పడితే దాన్ని ఏరేది మన బస్తీ పిల్లలే.

ఇక దాతలకు చెప్పాల్సిన అసలు సంగతి. టిప్పు ఒక్కటి రూపాయి కూడా ఉండదు. గాజు కడగాలంటే నీళ్లు, కరెంటు, ముఖ్యంగా ఒక మనిషి కావాలి. మిషన్ ఇస్తే దానిమీద పేరు రాస్తారు. కడిగే మనిషి జీతం మీద ఎవరి పేరూ కనబడదు, అందుకే అది ఎవరూ ఇవ్వరు. జీతం లేకపోతే ఆరు నెలల్లో గాజు బీరువాలోకి, ప్లాస్టిక్ బల్లమీదికి వస్తుంది. ఓవెన్‌కూ, గాజు సామానుకూ దాతలు ముందుకొచ్చారని కమిటీ వారు చెప్పారు. ఆ జీతం వరుస మాత్రం రిజిస్టరులో ఇంకా ఖాళీగా ఉంది. సభ అయ్యాక రిజిస్టరు గుమ్మం దగ్గరి బల్లమీద ఉంటుంది.