చెరకు, చక్కెర, పశువు: క్యూబా చెప్పే చరిత్ర

పశుపోషణ మీద జరిగే స్మారకోపన్యాసంలో క్యూబా ప్రస్తావన ఎందుకన్న సందేహం కొందరికి రావచ్చు. చెరకును పశువుకు మేపితే ధాన్యం అవసరం ఎంత తగ్గుతుందో ఒక దేశం మొత్తంగా పరీక్షించి చూసిన చరిత్ర అక్కడ ఉంది. ఆ ద్వీపంలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ. పచ్చిక ఎండిపోతుంది, పాలు తగ్గుతాయి, దూడలు చిక్కిపోతాయి. సరిగ్గా ఆ నెలల్లోనే చెరకు పక్వానికొచ్చి కోతలు సాగుతాయి. గడ్డి లేని కాలానికి ప్రకృతి పెట్టిన మేత అది. చెరకు బళ్లు లాగే ఎద్దులకు కోసిన మొవ్వ ఆకు వేయడం పాత అలవాటే. నా వాదం ఇది: చెరకు పశువుకు పనికొస్తుందా అన్న ప్రశ్నకు క్యూబా శాస్త్రజ్ఞులు యాభై ఏళ్ల కిందటే జవాబు చెప్పారు, ఆ మేత పశువు నోటి దాకా చేరడం, చేరకపోవడం మాత్రం చక్కెర ధరను బట్టీ, దిగుమతి ధాన్యాన్ని బట్టీ నడిచింది.

1960లో అమెరికా క్యూబా చక్కెర కొనుగోలు కోటాను కత్తిరించింది. సోవియట్ యూనియన్ ఆ చక్కెర కొనడానికి ముందుకొచ్చింది. క్యూబాలో 1963లో చెరకు ఉప ఉత్పత్తుల పరిశోధన సంస్థ, 1965లో పశుశాస్త్ర సంస్థ వెలిశాయి. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు టి. ఆర్. ప్రెస్టన్ నాయకత్వంలో రెండో సంస్థ చేసిన పని ప్రపంచం దృష్టికి వచ్చింది. 1967లో మొలాసిస్ (చక్కెర తీయగా మిగిలే మడ్డి), యూరియాలతో గొడ్డు మాంసం ఉత్పత్తి గురించి ఆ బృందం రాసిన పత్రాన్ని ‘నేచర్’ శాస్త్ర పత్రిక ప్రచురించింది. కిటుకు చెప్పుకుంటే తేలికే. మొలాసిస్‌లో శక్తి ఉంది, మాంసకృత్తులు దాదాపు లేవు. అందులో నూటికి మూడు పాళ్ల లోపు యూరియా కలిపితే, నెమరువేసే పశువు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు ఆ నత్రజనినీ చక్కెరనూ వాడుకుని తమ ఒంట్లో మాంసకృత్తులు తయారుచేసుకుంటాయి. పశువు వాటిని అరిగించుకుంటుంది. దానికి తోడు కాస్త చేపల పొడి, కొంత పచ్చిమేత. అంతే. అయితే ఆచరణలో చిక్కొచ్చింది. పచ్చిమేత మరీ తగ్గిన మందల్లో పశువులు చొంగ కార్చుకుంటూ, తల వేలాడేసి మందకు దూరంగా నిలబడేవి. అడుగు వేస్తే తూలేవి. కొన్నిటికి చూపు పోయేది. తాగినవాడి నడక కాబట్టి ‘మత్తు’ అన్నారు గానీ అది సారా మత్తు కాదు, మెదడు దెబ్బతినడం. పచ్చిమేత సరిపడా పెడితే ఆ ముప్పు తగ్గుతుందని వాళ్లే తేల్చారు. మొలాసిస్ విషమని కొట్టిపారేసేవాళ్లకు ఇంతకన్నా సమాధానం అక్కర్లేదు.

ఇక చెరకు చక్కెరకా, మేతకా అన్న అసలు పోటీ దగ్గరికి వద్దాం. 1970లో కోటి టన్నుల చక్కెర తీయాలని ప్రభుత్వం పట్టుబట్టి, తక్కిన రంగాల మనుషుల్ని చెరకు పొలాలకు తరలించి, దాదాపు 85 లక్షల టన్నుల దగ్గర ఆగింది. 1972లో ఆ దేశం సోవియట్ కూటమి ఆర్థిక మండలిలో చేరింది. చక్కెరకు మార్కెట్‌ను మించిన ధర, బదులుగా చమురు, ధాన్యం. ఆ లెక్కలో చెరకును పశువుకు వేయడం దండగలాగే కనిపిస్తుంది. పందుల సంగతే చూడండి. పందికి నెమరువేసే పొట్ట లేదు కనుక యూరియా పనిచేయదు. మిల్లులో మిగిలిన చివరి మొలాసిస్ ఎక్కువ పెడితే పారుడు పట్టుకుంటుంది. బాగా పనిచేసేది చక్కెర తీయకుండానే చిక్కబరిచిన చెరకు రసం. అంటే పందికి పోసేది అమ్ముకోగల చక్కెరే. మొలాసిస్ మీద పెంచిన టోరులా ఈస్ట్‌తో మాంసకృత్తుల కొరత కొంత తీర్చుకున్నారు. చక్కెర అమ్మి ధాన్యం కొనడమే లాభమన్నవాళ్ల మాట ఆనాటి ధరల్లో తప్పు కాదు. కాకపోతే ఆ ధర మార్కెట్ ఇచ్చింది కాదు, మిత్రుడు ఇచ్చింది. 1982లో ఉబ్రే బ్లాంకా అనే ఒక్క ఆవు ఒకే రోజులో 109.5 లీటర్ల పాలిచ్చిందని దేశమంతా సంబరపడింది. వానలు లేని నెలల్లో మామూలు ఆవు ఏం తింటోందన్నది అంత పెద్ద వార్త కాలేదు.

1991లో ఆ మిత్రుడే లేకుండా పోయాడు. ధాన్యం ఓడలు తగ్గిపోయాయి. అంతకు కొంచెం ముందే క్యూబా శాస్త్రజ్ఞుడు అరాబెల్ ఎలియాస్ బృందం ‘సకరీనా’ అనే మేతను రూపొందించింది. ఆకు తీసిన చెరకు గడల్ని నలగ్గొట్టి, కొద్దిగా యూరియా, ఖనిజ లవణాలు కలిపి, నేలమీద పలచగా పరిచి ఒక రోజు పులియనిచ్చి ఎండబెడతారు. మిల్లు అక్కర్లేదు. కానీ డీజిల్, ఎరువులు లేక చెరకే పడిపోయింది. 1990లో 80 లక్షల టన్నులు దాటిన చక్కెర మూడేళ్లలో సగానికి దిగింది, దాంతో మొలాసిస్ కూడా. 2002లో ఉన్న 156 మిల్లుల్లో దాదాపు సగం మూసేశారు. చక్కెర పరిశ్రమ కూలితే మేతా కూలింది కదా, మరి చెరకు మేతను నమ్మడమెలా అని అడగవచ్చు. నిజమే, కూలింది మిల్లును నమ్ముకున్న మేత. రైతు తన పొలంలో కోసి, ముక్కలు చేసి వేసే చెరకును మొదటి నుంచీ ప్రధానంగా పెట్టుకుని ఉంటే దెబ్బ అంత గట్టిగా తగిలేది కాదు. ఆ పద్ధతికి పెద్దపీట వేసింది గత్యంతరం లేనప్పుడే.

మనకు ఇందులో పని ఉంది. 1980ల్లో ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి మండలి పశువులు నాకే యూరియా-మొలాసిస్ ఇటుకల్ని ప్రచారంలోకి తెచ్చింది, కానీ మన మొలాసిస్‌లో ఎక్కువ భాగం డిస్టిలరీలకే పోతోంది. ఆంధ్రప్రదేశ్‌లో సహకార చక్కెర మిల్లులు మూతపడుతుంటే రైతులు చెరకు వదిలేస్తున్నారు. ఈ సభలో ఉన్న పశువైద్య కళాశాలల అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే: మిల్లు లేని ఊళ్లో చెరకును గేదెకు ఎలా మేపాలో, ఎంత పచ్చిమేత కలపాలో, యూరియా ఎక్కడితో ఆపాలో మన పశువుల మీద పరీక్షించి, రైతుకు అర్థమయ్యే తెలుగులో అచ్చువేయండి.