పిల్లలతో నాగార్జునకొండకు

సెలవులు దగ్గరపడగానే ప్రతి యింటను ఒక ప్రశ్న పుట్టును: ఈసారి పిల్లలను ఎక్కడికి తీసికొనిపోవుట? బంధువుల యిండ్లకు పోవుట మంచిదే, తీర్థయాత్రయు మంచిదే. వానికి తోడు, మన పూర్వులు బ్రదికిన చోటులను చూపుటకు ఏటేట నాలుగు దినములు కేటాయించిన తలిదండ్రులు బిడ్డలకు తరగని ఆస్తి నిచ్చినవారగుదురు. కాని యట్టి యాత్రకు కొంత ముందుచూపు కావలెను.

ఆ ముందుచూపు లేక నేనొకసారి నవ్వులపాలైతిని. ఐదు దినములలో పదునొకండు స్థలములు చూపవలెనని సంకల్పించి, పిల్లలను తెల్లవారుజామున లేపి, ఒక బస్సు దించి మరియొక బస్సు ఎక్కించుచు త్రిప్పితిని. ఇల్లు చేరిన పిదప తాతగారు, "ఏమి చూచితివిరా?" అని యడుగగా, మా చిన్నవాడు "బస్సులు" అని బదులు చెప్పెను. అందరును నవ్విరి. తప్పు వానిది కాదు. నేను స్థలములను లెక్కించుకొంటినే గాని, వాని కాళ్ల నొప్పిని లెక్కింపలేదు.

మరుసటి యేడు ఒక్క నాగార్జునకొండనే యెంచుకొంటిమి. ఎండలు ముదిరిన వేసవిలో రాతికట్టడముల నడుమ తిరుగుట పిల్లలకు శిక్ష. కావున దసరా సెలవులలో బయలుదేర నిశ్చయించితిమి. యాత్ర మాత్రము నెల ముందే యింటిలో ఆరంభమయ్యెను. గోడకు పటము తగిలించి కృష్ణానది పోకను పిల్లలచేత గీయించితిమి. ఖర్చుల పుస్తకము పెద్దమ్మాయి కప్పగించితిమి. సాయంకాలములందు బ్రాహ్మీలిపి నేర్చుకొనుట ఒక ఆట యయ్యెను. అశోకుని నాటి లిపిలో 'క' అక్షరము మనము లెక్కలలో వ్రాయు కూడిక గుర్తువలె నుండును. ఇక్ష్వాకుల శాసనములలో దాని నిలువుగీత క్రిందికి సాగి వంపు తిరిగినది. ఈ యొక్క సంగతి తెలిసిన పిల్లవాడు శాసనమును చూచి ఆవులింపడు. తనకు తెలిసిన అక్షరమును వెదకును.

స్థలచరిత్రను కథగా చెప్పితిమి. క్రీస్తుశకము మూడవ, నాల్గవ శతాబ్దములలో ఇక్ష్వాకు రాజులకు ఇచ్చటి విజయపురి రాజధాని. కాలక్రమమున అది మరుగుపడినది. 1926లో పురాతత్వశాఖ ఉద్యోగి ఏ. ఆర్. సరస్వతిగారు ఆ శిథిలములను గుర్తించిరి. తరువాత లాంగ్‌హర్స్ట్ దొరగారు త్రవ్వకములు జరిపిరి. సాగర నిర్మాణముచే లోయ యంతయు మునుగునని తేలగా, 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి యాజమాన్యమున విస్తృతముగ త్రవ్వి, తొమ్మిది కట్టడములను కొండమీదికి చేర్చి మరల నిర్మించిరి. మరికొన్నిటిని తూర్పుగట్టున అనుపు వద్ద నిలిపిరి. నీరు నిండగా కొండ ద్వీపమైనది.

ఆ ద్వీపమునకు లాంచిలో పోవలెను. వాతావరణమును బట్టియు, జనమును బట్టియు లాంచీల వేళలు మారుచుండును గనుక ముందుగా విచారించుకొనుట మేలు. ప్రదర్శనశాలకు సెలవు దినమేదియో కూడ తెలిసికొనవలెను. మంచినీరు, తేలికయైన ఆహారము వెంట నుంచుకొనవలెను.

కొండపై నేను ఉపన్యాసము చేయలేదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పని యిచ్చితిని. చిన్నవాడు ఒక స్తూపపు పునాదిని చూచి, "ఇది బండిచక్రము" అనెను. నిజమే. నడుమ కుండ, చుట్టును ఆకులు గల చక్రమువలె గోడలు కట్టి, సందులలో మట్టి నింపుట ఆనాటి శిల్పుల నేర్పు. స్తూపమునకు నాలుగు దిక్కుల ఐదేసి ఆయక స్తంభములను నిలుపుట ఇచ్చటి సంప్రదాయము. ఆ ఐదును బుద్ధుని జననము, మహాభినిష్క్రమణము, సంబోధి, ప్రథమ ధర్మోపదేశము, పరినిర్వాణములకు గుర్తులని చెప్పుదురు. పెద్దమ్మాయికి నచ్చిన సంగతి వేరు. ఇచ్చటి మహాచైత్యమునకు ప్రధాన దాత్రి శాంతిశ్రీ, వీరపురుషదత్త మహారాజునకు మేనత్త. "రాజుగారికి కూడ మేనత్త యుండెనా?" అని మా పిల్ల ఆశ్చర్యపడెను. ఆ క్షణము నుండి ఇక్ష్వాకులు ఆమెకు మనుష్యులైరి.

తిరుగు లాంచిలో ఆమె చాలసేపు నీటిని చూచి, "నాన్నగారూ, దీని యడుగున ఇంకను ఏమున్నది?" అని యడిగెను. పట్టణపు వీధులు, మోయలేక విడిచిన గోడలు, ఇటీవలివరకు జనులు కాపురమున్న పల్లెలు ఉన్నవని చెప్పితిని. "మునుగునని తెలిసియు ఎందుకు కట్టిరి?" అని మరల అడిగెను. ఈ ప్రశ్నకు నా యొద్ద సిద్ధముగా జవాబు లేదు.

మరునాడు ఆనకట్టను, ఇరువది యారు తలుపులను, కుడికాలువను చూపితిని. 1955లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిరనియు, 1967లో కాలువలకు నీరు వదలిరనియు చెప్పితిని. కాలువ వెంబడి పచ్చని చేలను చూపి, ఈ యన్నమును నిజమే, నిన్న నీవడిగిన నష్టమును నిజమే యంటిని. కట్టడములకు కొండ దొరికినది. ఊరు విడిచినవారు మరియొక చోట బ్రదుకును క్రొత్తగా కట్టుకొనవలసి వచ్చినది. ఏది యెంత బరువో తూచి చెప్పలేదు. ఆమె ఖర్చుల పుస్తకము తెరచి, లాంచి రుసుము క్రింద ఏమో వ్రాసికొనెను. నేను చూపుమని యడుగలేదు.

కావున నా మనవి యిది: స్థలములను తగ్గింపుడు, తీరికను పెంచుడు. ఇంటివద్దనే కొంత చెప్పుడు, అచ్చట కొంత మౌనముగా నుండుడు. రాళ్లపై పేర్లు చెక్కుట తప్పని బయలుదేరుటకు ముందే నేర్పుడు. బిడ్డ యడిగిన ప్రశ్నకు జవాబు తెలియకున్నచో సిగ్గుపడవలదు. ఇంటికి వచ్చి కలిసి వెదకుడు. ఈసారి తాతగారు, "ఏమి చూచితివిరా?" అని యడుగగా మా చిన్నవాడు బొగ్గుముక్క తీసి, పెరటి గచ్చుమీద చక్రము గీసి చూపినాడు.