మగ్గము నుండి మోటారుకారు వరకు

పలకల ఊరైన మార్కాపురము వీధులలో నేటికిని అరుదుగా కనిపించు పాత చిన్నకారును మనము ‘మారుతి’ యందుము. పేరు మనది, యంత్రము జపాను దేశపు సుజుకీ సంస్థది.

ఆ సంస్థ పుట్టినది మగ్గము వద్ద. హమమత్సు వాస్తవ్యుడు మిచియో సుజుకీ 1908లో ఒక మగ్గమును చేసి తల్లికిచ్చెను. మరుసటియేడు మగ్గముల కార్ఖానా పెట్టెను. 1951లో నూలు వ్యాపారము దెబ్బతినగా, సంస్థ 1952లో మోటారు అమర్చిన సైకిలును, 1955లో ‘సుజులైట్’ అను చిన్నకారును తెచ్చెను. 1982లో మారుతి ఉద్యోగ్‌తో ఒడంబడిక కుదిరెను. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ తొలి కారు తాళపుచెవులను యజమానికి అందించిరి.

మారుతి 800కు మూడు సిలిండర్లు, 796 సి.సి. ఇంజను. గిద్దలూరు దాటి నంద్యాలకు పోవు నల్లమల కనుమలో, నిండుగా మనుషులెక్కినచో అది ఆయాసపడును. గేరు తగ్గింపక తప్పదు. అయినను యజమానులు దానిని మెచ్చుకొందురు. పెట్రోలు ఖర్చు తక్కువ, ఊరి మెకానిక్కు చేతికి లొంగును. అన్నిటికి మించి, అర్ధరాత్రి పురిటినొప్పులు వచ్చిన ఇంట, తొలి బస్సు కొరకు తెల్లవారువరకు కాచుకొననక్కరలేదు.

2014లో దాని తయారీ నిలిచిపోయినది. అందులో ప్రాణరక్షక గాలిసంచులు లేవు. కావున నేటికిని దానిని నడుపువారికి మేము చెప్పునది ఒక్కటే: బ్రేకులు, టైర్లు చూపించిన పిదపనే కనుమ ఎక్కుడు. ఆదుకొనుటకు కొన్న బండి ఆపద తేరాదు గదా!