వెనక వరసలో తడబడినవాడికి ఇంకో చోటు

(యువజన క్రీడా సమావేశంలో మా క్రీడా విభాగం తరఫున చేసిన ప్రసంగం)



సంస్కృతి గురించి మాట్లాడుకునే సభలో ఫుట్‌బాల్ ప్రస్తావన ఎందుకని కొందరు అడిగారు. మన పాట, మన డోలు, మన భాష సంస్కృతే. ఒక పిల్లవాడు పనికిరాడని పక్కన పెట్టేముందు ఊరు ఎన్నిసార్లు ఆలోచిస్తుందన్నది కూడా సంస్కృతే. అందుకే ఈ మాటలు.

మన జట్లలో ప్రతి ఏడాదీ ఒక కుర్రాడు కనిపిస్తాడు. పొడుగ్గా ఉన్నాడనో, అడిగిన చోట మారుమాట లేకుండా నిలబడతాడనో అతన్ని వెనక వరసలో పెడతారు. మొదటి మ్యాచ్‌లో ఎదుటి ఫార్వర్డ్ అతని పక్కనుంచి జారిపోతాడు, గోల్ పడుతుంది. రెండో మ్యాచ్‌లో బంతి కాలికి తగిలి సొంత గోల్‌లోకే పోతుంది. గట్టు మీద కూర్చున్నవాళ్లు "వాణ్ని మార్చండ్రా" అని అరుస్తారు. ఫార్వర్డ్ పది అవకాశాలు పోగొట్టుకుని ఒక గోల్ కొడితే భుజాల మీద మోస్తాం. డిఫెండర్ తొమ్మిదిసార్లు ఆపి ఒకసారి తప్పితే ఆ ఒక్కటే గుర్తుంటుంది. మూడో వారం ఆ కుర్రాడు గ్రౌండుకు రాడు.

ఆట మానేసిన ప్రతివాడూ చెడిపోతాడని మేము అనడం లేదు. కానీ గ్రౌండు మానేసినవాడు కొన్నాళ్లకు హాస్టల్ మానేయడం, ఆ తర్వాత పట్నంలో కూలి పనికి పోవడం మనకు తెలియని సంగతి కాదు. హాస్టల్లో అతన్ని పట్టి ఉంచినది సాయంత్రం ఆట ఒక్కటే అయినప్పుడు ఆ తాడు తెగిపోకుండా చూడాలి. అలాంటి కుర్రాడికి చోటు మారిస్తే ఏమవుతుందో చూద్దాం.

ముందు ఇంగ్లండ్ వెళ్దాం. గారెత్ బేల్ పేరు మీలో చాలామందికి తెలుసు. వేల్స్ దేశంలోని కార్డిఫ్‌లో 1989లో పుట్టాడు. 2007లో టాటెన్‌హామ్ క్లబ్ అతన్ని లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమవైపు డిఫెండర్‌గా తీసుకుంది. అప్పటినుంచి అతను ఆడిన 24 లీగ్ మ్యాచ్‌లలో ఒక్కదాంట్లో కూడా జట్టు గెలవలేదు. మధ్యలో గాయాలు. అతను మైదానంలో ఉంటే జట్టు గెలవదన్న మాట పుట్టింది. చివరికి 2009 సెప్టెంబరులో బర్న్‌లీ మీద గెలుపు ఖాయమయ్యాక, ఆఖరి నిమిషాల్లో మేనేజర్ హ్యారీ రెడ్‌నాప్ అతన్ని దించాడు. ఆ మ్యాచ్ 5-0తో గెలిచారు, ఆ లెక్క అక్కడితో ఆగింది.

2010 మొదట్లో ఎడమవైపు ఆడే మరో డిఫెండర్‌కు గాయమైతే బేల్‌కు మళ్లీ అవకాశం వచ్చింది. ఆ తర్వాత రెడ్‌నాప్ అతన్ని క్రమంగా ముందుకు, ఎడమ వింగ్‌కు జరిపాడు. వెనక డిఫెండర్ వేరే ఉన్నాడు. బేల్ పని ఇక బంతి తీసుకుని పరిగెత్తడం, ఎడమ కాలితో క్రాస్ వేయడం, గోల్ మీదికి కొట్టడం. కాళ్లు అవే, వేగం అదే. వెనక ఉన్నప్పుడు అతను ముందుకు పరిగెత్తితే వదిలిన ఖాళీలో ప్రత్యర్థి దూరేవాడు. ముందుకు జరిపాక అదే పరుగు ప్రత్యర్థికి తలనొప్పి అయింది.

2010 అక్టోబరు 20న మిలాన్‌లో ఇంటర్ జట్టుతో మ్యాచ్. సగం ఆటకే టాటెన్‌హామ్ 4-0తో వెనకబడింది, గోల్ కీపర్‌కు రెడ్ కార్డ్ పడి పదిమందే మిగిలారు. రెండో సగంలో బేల్ ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. మ్యాచ్ 4-3తో ఓడారు, అయినా మర్నాడు అందరూ మాట్లాడుకున్నది అతని గురించే. 2013లో రియల్ మాడ్రిడ్ అప్పటికి ప్రపంచ రికార్డు ధర పెట్టి అతన్ని కొంది. 2018 చాంపియన్స్ లీగ్ ఫైనల్లో మధ్యలో దిగి రెండు గోల్స్ కొట్టాడు. 64 ఏళ్ల తర్వాత, 2022లో వేల్స్ మళ్లీ ప్రపంచ కప్ ఆడినప్పుడు కెప్టెన్ అతనే. 24 మ్యాచ్‌ల లెక్క చూసి అతన్ని వదిలేసి ఉంటే ఇదంతా ఎవరికీ కనిపించేది కాదు.

అది డబ్బున్న దేశం మాట అంటారేమో. మన హైదరాబాద్‌కే వద్దాం. సయ్యద్ అబ్దుల్ రహీం గారు వృత్తికి బడి పంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దినవారు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. థాయిలాండ్‌తో ఆడేటప్పుడు మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆ స్థితిలో అతన్ని వెనక వరసలో నిలబెట్టడం కష్టం, జట్టు నుంచి తీసేయడమూ కష్టమే. రహీం గారు అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ ఒక గోల్ కొట్టాడు, మనం 3-2తో గెలిచాం. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా. మైదానం నిండా మనకు వ్యతిరేకంగా అరిచే జనం. పి.కె. బెనర్జీ ఒక గోల్, తల మీద కుట్లతో ఉన్న జర్నైల్ ఒక గోల్. 2-1తో బంగారం మనది. ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల బంగారు పతకం ఆ తర్వాత మనకు మళ్లీ రాలేదు. అప్పటికే రహీం గారు క్యాన్సర్‌తో ఉన్నారు. మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు.

మూడో ఉదాహరణ మన ఆదివాసీ బిడ్డదే. అతను మారింది ఎదురు దిశలో. తాలిమెరెన్ ఆవో, ఆవో నాగా తెగవాడు, 1918లో చాంగ్కీ గ్రామంలో పుట్టాడు. ఫార్వర్డ్‌గా మొదలుపెట్టి, గువాహటిలో మహారాణా క్లబ్‌కు ఆడే రోజుల్లో వెనక్కి జరిగి, దాడులు ఆపే హాఫ్‌గా మారాడు. అక్కడే పేరు వచ్చింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత ఫుట్‌బాల్ జట్టుకు మొదటి కెప్టెన్, ఆ క్రీడల్లో జాతీయ జెండా పట్టుకుని నడిచినవాడు కూడా ఆయనే. ఆట ఆడుతూనే వైద్యం చదివి, డాక్టరై నాగాలాండ్‌కు తిరిగి వెళ్లి సేవ చేశాడు. ముందుకు జరిగితేనే గొప్ప, వెనక్కి జరిగితే తక్కువ అనుకునేవాళ్లు ఆయన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇక మన గ్రౌండులో ఏం చేయాలి?

మొదట చూడాలి. మూడు మ్యాచ్‌లపాటు ఎవరో ఒకరు నోట్‌బుక్‌తో గట్టు మీద కూర్చుని ఆ కుర్రాడినే గమనించాలి. గోల్ ఎలా పడింది? వెనక్కి తిరగడంలో ఆలస్యమైందా? పైనుంచి వచ్చే బంతి తప్పిందా? ఎదుటివాడు మీదికి రాకముందే తొందరపడి కాలు పెట్టాడా? అసలు పక్కవాడు వదిలేసినవాణ్ని ఆపబోయి ఇతను దొరికిపోయాడా? చాలాసార్లు తప్పు పక్కవాడిది, నింద ఇతనిది. పుస్తకంలో రెండో వైపు అతను బాగా చేసినవి కూడా రాయాలి. ఇది మరిచిపోవద్దు.

తర్వాత, ఉన్న బలానికి తగిన చోటు వెతకాలి. పరుగు బాగుండి, బంతి తీసుకుని ముందుకు పోవాలని కాళ్లు లాగే సైడ్ బ్యాక్ అయితే వింగ్‌లో పెట్టి చూడండి. తిరగడంలో నెమ్మదైనా, ఆట ఎటు పోతుందో ముందే పసిగట్టి సరైన పాస్ ఇవ్వగల స్టాపర్ అయితే డిఫెన్స్‌కు ముందు హాఫ్‌గా పెట్టండి. అతని వెనక ఇద్దరు ఉంటారు కాబట్టి తిరగడంలో ఆలస్యం అంత నష్టం చేయదు. సైడ్‌లో వేగం చాలక ఇబ్బంది పడుతూ, తలతో బంతి బాగా కొట్టేవాడు స్టాపర్‌గా కుదురుకోవచ్చు. తల, గట్టి షాట్ రెండూ ఉన్నవాణ్ని జర్నైల్‌లా ముందు పెట్టి చూడవచ్చు.

మూడోది, అతనితో మాట్లాడాలి. అందరి ముందు కాదు, ఓడిన సాయంత్రం కాదు. "నువ్వు అక్కడ పనికిరావు" అనే మాటకూ, "నీ పరుగు ఇక్కడ వృథా అవుతోంది తమ్ముడూ, అక్కడ మాకు కావాలి" అనే మాటకూ చాలా తేడా ఉంది. మొదటిది శిక్షలా వినిపిస్తుంది, రెండోదాంట్లో అతని మీద నమ్మకం వినిపిస్తుంది.

నాలుగోది, సమయం ఇవ్వాలి. వెనక నిలబడినవాడికి ఆట మొత్తం కళ్ల ముందే ఉంటుంది. మధ్యలోకి వస్తే వీపు వెనక నుంచి కూడా మనిషి వస్తాడు, బంతి అందకముందే రెండు భుజాల మీదుగా చూసుకోవడం అలవాటు కావాలి. ముందుకు వస్తే ఆఫ్‌సైడ్ చూసుకోవాలి. ఇవి ఒక్క రోజులో రావు. టోర్నమెంటు ఫైనల్లో ప్రయోగం వద్దు. ప్రాక్టీసులో ఐదుగురు ఐదుగురుగా చిన్న ఆటలు, ఆ తర్వాత పక్క ఊరితో స్నేహపూర్వక మ్యాచ్, కనీసం నెల రోజులు. పక్కన అనుభవమున్నవాణ్ని పెట్టి, పిలిచి చెప్పే పని అతనికి అప్పగించండి. నెల దాటినా కుదరకపోతే మూడో చోటు చూడండి, లేదా వెనక్కే తెచ్చి ఆ ఒక్క లోపం మీద పని చేయించండి.

ఇది మనకు కొత్త పద్ధతి కాదు. అరక కట్టేటప్పుడు దాపట కుదరని ఎద్దును వలపట కట్టి చూస్తాం. ఒక్క సాలు వంకర పోయిందని సంతకు తోలం. ఎద్దు విషయంలో చూపే ఓపిక పిల్లవాడి విషయంలోనూ చూపమనే అడుగుతున్నాం.

ఒక హెచ్చరిక కూడా. తడబాటుకు కారణం ప్రతిసారీ చోటు కాదు. రెండో సగంలో ఆయాసపడి ఆగిపోతున్నాడా, కీళ్ల నొప్పులంటున్నాడా, కళ్లు పచ్చగా ఉంటున్నాయా? బద్ధకమని తిట్టకండి. మన ఆదివాసీ ప్రాంతాల్లో సికిల్ సెల్ రక్త వ్యాధి ఎక్కువ. 2023 జూలై 1న దీని నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలైంది, 2047 నాటికి ఈ వ్యాధి లేకుండా చేయాలన్నది లక్ష్యం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగి రక్త పరీక్ష చేయించండి. జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు చెప్పిన మేరకే ఆడాలి. వాహకులు చాలావరకు అందరిలా ఆడగలరు. కానీ మండుటెండలో ఒక్కసారిగా పరుగులు పెట్టించకూడదు, నీళ్లు తరచూ తాగాలి, నొప్పి అన్నప్పుడు వెంటనే ఆపాలి. రక్తహీనత, రాత్రి సరిగ్గా తినకపోవడం, ఇరుకు బూట్లు కూడా చూసుకోండి. వీటికి మందు ఫార్వర్డ్ లైనులో దొరకదు.

చెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా ఆదివాసీ అమ్మాయి అష్టమ్ ఒరావ్ 2022లో మన దేశంలోనే జరిగిన అండర్-17 మహిళల ప్రపంచ కప్‌లో భారత కెప్టెన్, ఆమె డిఫెండరే. నిజామాబాద్ జిల్లా లంబాడా బిడ్డ గుగులోత్ సౌమ్య ముందు వరసలో భారత్‌కు ఆడింది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్ వరకు వెళ్లింది. ఒకరు వెనక, ఒకరు ముందు. ఇద్దరికీ తమ చోటు దొరికింది.

ఇప్పుడు తడబడుతున్న తమ్ముడికి. గోల్ నీ వైపు నుంచి పడింది, నిజమే. దాన్ని దాచుకోనక్కర్లేదు. కానీ గ్రౌండుకు రావడం మానకు. నువ్వు రాకపోతే నీకు ఏ చోటు సరిపోతుందో చూసే వీలు ఎవరికీ ఉండదు. కోచ్ దగ్గరకు వెళ్లి "నన్ను ఇంకో చోట ఆడించి చూడండి సార్" అని అడుగు. అడగడం నామోషీ కాదు. కొత్త చోట మొదటి రోజు కూడా తడబడతావు. నెల రోజులు ఓర్చుకో.

కెప్టెన్లకు, పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ఈ సమావేశం నుంచి తిరిగి వెళ్లాక మీ జట్టులో ఈ మధ్య రావడం మానేసిన ఒక్కరి పేరు గుర్తు చేసుకోండి. ఈ వారంలోనే వాళ్ల ఇంటికి వెళ్లండి. మంచం మీద కూర్చుని మంచినీళ్లు తాగి, ఆదివారం పొద్దున ఆరింటికి రమ్మని చెప్పండి. ఏ చోట నిలబెట్టాలో వచ్చాక చూద్దాం.