జాబ్ పోయింది, ఇంట్లో ఎట్ల చెప్పాలె?

2023 జనవరిలో గూగుల్ దాదాపు 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తీసేస్తున్నమని చెప్పినప్పుడు "మనకేంలే" అనుకున్న. తర్వాత నా వంతు వచ్చింది. పది నిమిషాల కాల్, అంతే.

హైదరాబాద్‌లో రూమ్ ఖాళీ చేసి మాడుగులపల్లి వచ్చేసిన. ఇంట్లో చెప్పలే. మూడు వారాలు ల్యాప్‌టాప్ ముందేసుకుని వర్క్ ఫ్రమ్ హోమ్ అని నటించిన. జాబ్ పోయిన బాధకంటే ఆ అబద్ధమే నన్ను ఎక్కువ తినేసింది.

ఒకరోజు పొలం గట్టు మీద నాయినకు చెప్పేసిన. ఆయన కోప్పడలే. "సాగర్ కాలువకు నీళ్లు రాని ఏడు మన వరి ఎండింది. అంతమాత్రాన నేను రైతును కాకుండ పోయిన్నా బిడ్డా?" అన్నడు. ఆ రాత్రి నిద్ర పట్టింది.

తెల్లారి నుంచి మూడే పనులు: ఆఫీసు టైంకే లేవడం, రోజుకు రెండు అప్లికేషన్లు, సాయంత్రం ఫోన్ ఇంట్లో పెట్టి నడక. మోటివేషన్ వచ్చినంక మొదలుపెడదాం అనుకుంటే రాదు. మొదలుపెడితే కొంచెం కొంచెం వస్తది.

నాకింకా జాబ్ రాలే. రేపు ఇంకో ఇంటర్వ్యూ ఉంది. మీకూ ఇట్లనే అయితే ముందు ఇంట్లో ఒక్కరికి చెప్పండి. చెప్పుకునేటోళ్లు లేకుంటే 14416కు కాల్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, ఫ్రీ. తెలుగులోనే మాట్లాడతరు. ఉంటా ఫ్రెండ్స్.