జవాబులు సరిచూచుకొనుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ప్రతి వేసవిలోను ఈ గ్రంథాలయపు అరుగుమీద ఒక సభ జరుగుచుండును. దానికి ఆహ్వానపత్రము లేదు, అధ్యక్షుడు లేడు. ఖమ్మము పోయి ప్రవేశపరీక్ష వ్రాసివచ్చిన పిల్లలు గుమిగూడి, "నీవేది పెట్టితివి? నేనిది పెట్టితిని" అని జవాబులు సరిచూచుకొందురు. ఒకరి ముఖము వికసించును, ఒకరి ముఖము వాడిపోవును. పదిమంది చెప్పినది ఒప్పు, ఒక్కడు చెప్పినది తప్పు అని అక్కడి తీర్పు. ఆ తీర్పును గూర్చియే నాలుగు మాటలు మనవి చేసికొందును.

2024 మే 5వ తేదీన జరిగిన నీట్ పరీక్షను 23 లక్షలకు పైగా విద్యార్థులు వ్రాసిరి. భౌతికశాస్త్రములో ఒక ప్రశ్నయందు రెండు వాక్యములిచ్చి, వానిలో ఏది నిజమో చెప్పుమనిరి. పరమాణువునందు ధన, ఋణావేశములు సమానముగా నుండుటచే అది తటస్థమని మొదటి వాక్యము. ప్రతి మూలకపు పరమాణువులును స్థిరములై, తమ ప్రత్యేక వర్ణపటమును వెలువరించునని రెండవది. మొదటిది నిజము. రెండవది నిజము కాదు. యురేనియము, రేడియము వంటి మూలకముల పరమాణువులు తమంతట తామే క్షయించును గదా! కాని ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పాఠ్యపుస్తకపు పాత ముద్రణలో ఆ రెండవ వాక్యమే యుండెను. కొత్త ముద్రణలో దానిని సవరించిరి.

4 లక్షలకు పైగా పిల్లలు రెండును నిజమని గుర్తించిరి. పరీక్ష నడిపినవారు ఫలితములలో ఇరుపక్షములకును మార్కులిచ్చిరి. వివాదము సుప్రీంకోర్టుకెక్కెను. జూలైలో ఢిల్లీ ఐ.ఐ.టి. నిపుణులు ముగ్గురు పరిశీలించి, సరియైన జవాబు ఒక్కటే యని తేల్చిరి. రెండును నిజమన్నవారికి వచ్చిన 4 మార్కులు పోయి, మరియొక మార్కు కోతపడెను. మొదట 720కి 720 వచ్చిన 67 మందిలో 44 మంది ఈ ప్రశ్న మూలముననే ఆ స్థానమందినవారు.

ఇందులో మనకేమి పని యందురేమో! అన్న చదివిన పుస్తకము తమ్ముడు చదువుట మన అడవి అంచు ఊళ్లలో అలవాటు. మన బీరువాలోని పాఠ్యపుస్తకములలో పెక్కు అట్లు చేతులు మారి వచ్చినవే. వానిని శ్రద్ధగా చదివిన పిల్లవాడే నష్టపోవుట ఎంత అన్యాయము! లక్షలమంది ఏకమై చెప్పినను తప్పు ఒప్పు కాదు. లెక్కలు వ్రాయువారెరుగుదురు: రెండు పుస్తకముల మొత్తములు కలిసినంత మాత్రమున పద్దు నిజమనరాదు, రెంటిలోను ఒకే తప్పు దొర్లియుండవచ్చును. రసీదు చూడవలెను. జవాబునకు రసీదు దాని కారణమే.

కావున ఈ రజతోత్సవ సందర్భమున మూడు మనవులు. మొదటిది, గ్రంథాలయము ఏటేట కొత్త ముద్రణలు కొనవలెను. పాతవాని అట్టలపై ముద్రణ సంవత్సరము పెద్ద అక్షరములతో వ్రాయవలెను. పాతవానిని పారవేయవలదు. రెంటిని ప్రక్క ప్రక్కన నుంచి చూచిన పిల్లవానికి జ్ఞానము ఎట్లు సవరింపబడునో తెలియును. రెండవది, విద్యార్థులారా! "ఏది పెట్టితివి?" అని అడిగినంతటితో ఆగక, "ఎందుకు పెట్టితివి?" అని కూడ అడుగుడు. మూడవది, 2024లో నీట్ వారి కీలోని ఒక్కొక్క జవాబును ప్రశ్నించుటకు 200 రూపాయలు కట్టవలసియుండెను. అది తిరిగి రాదు. మే నెల తునికాకు కల్లముల కాలము. ఎండలో ఆకు కోసి కట్టలు కట్టు ఇంట 200 రూపాయలు చిన్న మొత్తము కాదు. సరియైన ఆధారము చూపగల బిడ్డకు అట్టి రుసుమును మన రజతోత్సవ నిధి నుండి చెల్లింపవలెను.

తుదకొక మాట. ఎర్రన పూరించిన అరణ్యపర్వ భాగమున యక్షుడు అడిగిన ప్రశ్నలకెల్ల ధర్మరాజు జవాబు చెప్పెను. ఒక్క తమ్ముని బ్రతికింతును, కోరుకొమ్మనగా, భీమార్జునులను విడిచి నకులుని కోరెను. కుంతికి తానున్నాడు గనుక మాద్రికిని ఒక కొడుకుండవలెనని ఆయన న్యాయము. ఆ న్యాయమునకు మెచ్చి యక్షుడు నలుగురిని లేపెను. ధర్మరాజు తెలివి పడిపోయిన తమ్ములను లేపుటకు పనికివచ్చినది. ఈ ఏట సీటు వచ్చిన బిడ్డలు, రానివారితో ఒక నెల ఈ అరుగుమీద కూర్చుండి, ప్రతి జవాబునకు కారణము చెప్పుదురు గాక! ఈ గ్రంథాలయమునకు స్వర్ణోత్సవము వచ్చునాటికి ఆ అరుగు ఒక పాఠశాల యగునని నా ఆశ.