ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరినప్పుడు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. బి.పి., షుగరుల గురించి మీకు నాకంటే ఎక్కువే తెలుసు. అందుకని, ఛాతీ వైద్యుడిగా ప్రభుత్వ ఆస్పత్రుల్లో పనిచేసినన్నాళ్లూ కుటుంబాలను బాగా తికమకపెట్టగా చూసిన విషయం ఒకటి ఎంచుకున్నాను. క్యాన్సర్ ఉన్న మనిషికి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం.

దీన్ని కొందరు నిమ్ము అంటారు. కాని ఈ నీరు ఊపిరితిత్తి లోపల ఉండదు, చుట్టూ ఉంటుంది. ఊపిరితిత్తి మీద ఒక పొర, పక్కటెముకల లోపలివైపు ఒక పొర ఉంటాయి. ఆ రెంటి మధ్య రెండుమూడు చెంచాల నీరు అందరికీ ఉంటుంది. అది ఊరుతూ ఉంటుంది, సన్నని నాళాల గుండా పోతూ ఉంటుంది. క్యాన్సర్ ఆ పొరలకు పాకితే ఊట పెరుగుతుంది, పోయే దారి మూసుకుంటుంది. తూము పూడిన తొట్టిలాగా లీటర్ల కొద్దీ నిండుతుంది. మంచినీళ్లు తాగడం తగ్గిస్తే ఇది తగ్గదు. దాహంతో ఉన్న మనిషిని దయచేసి అలా బాధపెట్టకండి.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో, రొమ్ము క్యాన్సర్‌లో ఇది ఎక్కువ. అయితే మన దేశంలో క్షయవల్ల కూడా నీరు చేరుతుంది, అది మందులతో నయమయ్యే జబ్బు. కాబట్టి తీసిన నీటిని తప్పకుండా పరీక్షకు పంపాలి. మొదటిసారి క్యాన్సర్ కణాలు కనబడలేదంటే జబ్బు లేదని కాదు. నూటికి అరవైమందిలోనే ఆ పరీక్షలో బయటపడుతుంది.

ఇక చికిత్స. ఆయాసం లేకపోతే, ఎక్స్‌రేలో నీరు కనబడినా చాలాసార్లు ఏమీ చేయనక్కరలేదు. మనం వైద్యం చేసేది మనిషికి, ఫిల్ముకు కాదు. ఆయాసం ఉంటే ముందు సూదితో నీరు తీస్తారు. ఒక విడతలో లీటరున్నర మించకుండా చూస్తారు. ఒక్కసారిగా అంతా తీస్తే నొక్కుకుపోయిన ఊపిరితిత్తి హఠాత్తుగా విచ్చుకొని, అందులోకే నీరు దిగే ప్రమాదం ఉంది. "ఇంకా ఉందిగా, మొత్తం తీసేయండి" అని బంధువులు పట్టుబట్టడం నేను చాలాసార్లు విన్నాను. డాక్టరు ఆపితే ఆపనివ్వండి.

ఈ మొదటి విడత ఎంతో విషయం చెబుతుంది. నీరు తీశాక ఆయాసం తగ్గిందా? ఊపిరితిత్తి విచ్చుకొని గోడదాకా వచ్చిందా? ఆయాసం తగ్గకపోతే కారణం వేరే ఉండవచ్చు, నీటి వెంట పడి లాభం లేదు. తగ్గినా, ఎక్కువమందికి నెల లోపలే మళ్లీ చేరుతుంది. అసలు నిర్ణయం అప్పుడు వస్తుంది.

ఒక మార్గం రెండు పొరలనూ అతికించేయడం. గొట్టం వేసి నీరంతా మెల్లగా తీసి, శుద్ధి చేసిన టాల్కు పొడిని లోపలికి పంపుతారు. మనం పలకమీద దిద్దుకున్న బలపపు రాయి జాతిదే అది. మన దగ్గర పోవిడోన్ అయోడిన్ కూడా వాడతారు, చవక. పొరలు వాచి ఒకదానికొకటి అతుక్కుంటాయి, నీరు నిలవడానికి చోటుండదు. దీనికి కొన్ని రోజులు ఆస్పత్రిలో ఉండాలి. నొప్పి, జ్వరం రావచ్చు. ఊపిరితిత్తి విచ్చుకోనివారికి ఇది పనిచేయదు. పొడిని కెమెరా గొట్టంతో చల్లితే మేలా, మామూలు గొట్టం గుండా పంపితే మేలా అని బ్రిటన్‌లో 330 మందిపై పరీక్షించి 2020లో ప్రకటించారు. 90 రోజుల్లో విఫలమైనవారు మొదటి పద్ధతిలో నూటికి 22, రెండో పద్ధతిలో 24. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు.

రెండో మార్గం, చర్మం కిందుగా మెత్తని సిలికాన్ గొట్టం అమర్చి ఇంటికి పంపడం. రోజు విడిచి రోజో, అవసరాన్ని బట్టో ఇంట్లోనే నీరు తీసుకోవచ్చు. ఊపిరితిత్తి విచ్చుకోకపోయినా ఉపయోగపడుతుంది. కొందరిలో కొన్నాళ్లకు నీరు దానంతటదే ఆగి, గొట్టం తీసేస్తారు. నూటికి అయిదుగురికి చీము పట్టవచ్చు. శుభ్రత ముఖ్యం.

రెంటిలో ఏది మేలు? 2012లో వెలువడిన బ్రిటన్ పరిశీలనలో ఆయాసం తగ్గడం రెంటిలోనూ ఒకటే. తొలిసారి ఆస్పత్రిలో ఉన్న రోజులు టాల్కువారికి 4, ఇంటి గొట్టంవారిలో ఎక్కువమందికి ఒక్కటీ లేదు. కాని ఇబ్బందులు గొట్టంవారికే కొంత ఎక్కువ. అందుచేత "ఏది మంచిది డాక్టరుగారూ?" అన్న ప్రశ్నకు నా దగ్గర ఒకే జవాబు లేదు. ఆ మనిషి ఇల్లు ఎలాంటిది, తనకేం కావాలి అని నేను ఎదురు అడిగేవాణ్ణి.

రిటైరైన పంతులమ్మగారు ఒకావిడ "ఆస్పత్రి మంచం వద్దు, మా ఊరి అరుగు మీద కూర్చోవాలి" అన్నారు. కోడలు రెండు రోజుల్లో గొట్టం పని నేర్చుకుంది. అదే వారంలో మరొకాయన. పిల్లలు అమెరికాలో. భార్యకు చేతులు వణుకు. ఇంటి గొట్టం వారికి బరువు. అతికించే పద్ధతి ఎంచుకున్నారు, సరైన నిర్ణయమే. కొద్ది వారాలే మిగిలాయని తెలిసినప్పుడు మాత్రం ఈ రెండూ వద్దు, అవసరమైనప్పుడు సూదితో తీయించడమే సుఖం.

ఖర్చు మాట. గొట్టం ధర ఒకటి, దానికి పదేపదే కొనాల్సిన సీసాల ధర ఇంకొకటి. రెండూ కలిపి అడగండి. సీసాకు బదులు సంచీ తగిలించే పద్ధతి ఉందేమో కూడా అడగండి. హెల్త్ కార్డులో, రీయింబర్స్‌మెంటులో ఏది వస్తుందో చేరకముందే కాగితం మీద రాయించుకోండి. బిల్లు తిరిగొచ్చాక బాధపడటం మనవాళ్లకు అలవాటే.

ఇప్పుడు కొంచెం చేదు మాట. పెన్షను కాగితాల మీద సంతకం మనమే పెడతాం. ఆపరేషను అంగీకార పత్రం మీద మాత్రం అబ్బాయి పెడతాడు. "నాన్నగారికి చెప్పకండి, తట్టుకోలేరు" అంటాడు. ప్రేమతోనే అంటాడు, కాదనను. కాని ఈ స్థితి వచ్చాక చాలామందికి మిగిలేవి నెలలే. ఆ నెలలు ఎక్కడ గడపాలో ఆయన్ని అడగకుండా నిర్ణయించడం నాకు న్యాయంగా తోచదు. అన్నీ ఒక్క రోజే చెప్పనక్కరలేదు. "ఇంట్లో ఉండాలనుందా నాన్నగారూ?" అని అడిగితే ఆయనే దారి చూపిస్తారు.

ఆయాసానికి తక్కువ మోతాదు మార్ఫిన్ డాక్టరు పర్యవేక్షణలో బాగా పనిచేస్తుంది. మత్తుకు బానిసవుతారన్న భయం ఈ దశలో వద్దు. ముఖానికి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టినా ఊరట ఉంటుంది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో ఇటువంటి ఉపశమన వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది.

ఎవరింట్లోనైనా ఇప్పుడు ఈ బాధ ఉంటే ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ తేదీన ఎంత నీరు తీశారు, మర్నాడు మెట్లెక్కగలిగారా, పడుకోగలిగారా, మళ్లీ ఎన్నాళ్లకు ఆయాసం వచ్చింది అని రాయండి. ఎక్స్‌రేతోపాటు ఆ పుస్తకమూ డాక్టరు ముందుంచండి. అందరిలో అడగడానికి ఇబ్బందిగా ఉంటే భోజనాల దగ్గర నన్ను పక్కకు పిలవండి. శెలవు.